షూ డబ్బాలో పాటలపెట్టె

కొత్త వస్తువు బజార్లోకి రాకముందు దాని గురించి జరిగే చర్చ ఉంటుంది చూశారూ, ఒక్కోసారి ఆ వస్తువు కంటే అదే బావుంటుంది. పెళ్ళిచూపులకి బయల్దేరకముందే అమ్మాయి ఎలా ఉంటుందో ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చేసినట్టన్నమాట. 2004 చివర్లో అలాంటి చర్చ ఒకటి ప్రపంచమంతా నడిచింది. ఆపిల్ వాడు హార్డ్ డిస్కు లేకుండా, ఫ్లాష్ మెమరీతో నడిచే బుల్లి ఐపాడ్ తెస్తున్నాడట! ఎలా ఉంటుంది? తెర ఎంత ఉంటుంది? రంగుల తెరా, నలుపూ తెలుపూనా? ఎఫ్ఎం రేడియో పెడతాడా? ఐపాడ్ మీద ఉండే ఆ గుండ్రటి చక్రం అంత చిన్నదాని మీద ఎలా పడుతుంది?

2005 జనవరి 11న శాన్ ఫ్రాన్సిస్కోలో జవాబు వచ్చింది. తెర చిన్నదీ కాదు, పెద్దదీ కాదు, అసలు లేనే లేదు. రేడియో లేదు. చూయింగ్ గమ్ బిళ్ళంత ఉన్న తెల్లటి ప్లాస్టిక్ ముక్క, 22 గ్రాముల బరువు, ముందువైపు నాలుగైదు మీటలు. 512 ఎంబీది 99 డాలర్లు, 1 జీబీది 149. పేరు ఐపాడ్ షఫుల్. ఏ పాట వస్తుందో మీకు ముందు తెలియదు, అదే దీని గొప్ప అని చెప్పి మరీ అమ్మారు. ఏమేం ఉంటాయో అని లోకమంతా లెక్కపెడుతుంటే, ఏమేం తీసేశాడో ఆయన చూపించాడు.

అప్పుడు నేను కాకినాడలో ఇంజనీరింగ్ కుర్రాణ్ణి. నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి ఈ పుకార్లన్నీ చదివొచ్చి, హాస్టల్లో రాత్రి రెండింటి దాకా వాదించుకునేవాళ్ళం. మాలో ఒక్కడి దగ్గరా ఐపాడ్ లేదు. అసలు చేత్తో పట్టుకున్నవాడు కూడా లేడు. అయినా వాదనకి అదేం అడ్డు? తర్వాత మాస్టర్స్ చెయ్యడానికి సింగపూరు వచ్చి, ఇక్కడే ఉద్యోగంలో కుదురుకున్నాక తెలిసింది, ఆ పోటీలో అవతలి పక్షం ఈ ఊరిదేనని. ఇంకొన్నాళ్ళకి ఇంకో సంగతి కూడా తెలిసింది. అందులో మన హైదరాబాదుకీ వాటా ఉంది. ఈ కథ అందుకోసమే.

ముందుగా, ఇలాంటి వస్తువు ఎలా ఉండబోతోందో అసలు ఊహించడమెలా అన్నది చూద్దాం. పుకార్లు వినడం కన్నా తేలికైన దారి ఒకటుంది. పాటలు దేంట్లో దాస్తున్నారో చూడాలి. ప్లేయర్ ఆకారాన్ని సగం నిర్ణయించేది అదే.

1998లో వచ్చిన కొరియా వాళ్ళ ఎంపీమ్యాన్, అమెరికాలో డైమండ్ వాళ్ళ రియో, రెండింట్లోనూ ఉన్నది 32 ఎంబీ ఫ్లాష్ మెమరీ. ఎంపీ3 పాటకి మామూలు నాణ్యతతో నిమిషానికి దాదాపు ఒక ఎంబీ కావాలి. మన సినిమా పాట అయిదు నిమిషాలు వేసుకోండి, ఆరు పాటలకి పెట్టె నిండిపోతుంది. ఒక సినిమా క్యాసెట్‌కి సరిపోయిందంతే. సరే, ఎక్కువ పాటలు కావాలంటే హార్డ్ డిస్కు పెట్టాలి. 2000లో సింగపూరు కంపెనీ క్రియేటివ్ టెక్నాలజీ అదే చేసింది. నోమాడ్ జూక్‌బాక్స్. 6 జీబీ. లాప్‌టాప్‌లో వాడే రెండున్నర అంగుళాల డిస్కు పెట్టారు కాబట్టి పెట్టె కూడా సీడీ ప్లేయరంత అయింది. బరువు దాదాపు 400 గ్రాములు. జేబులో పెడితే ప్యాంటు జారుతుంది. యూఎస్బీ తీగ అప్పట్లో సెకనుకి 12 మెగాబిట్ల వేగంది, ఆరు జీబీ నింపాలంటే ఎంత బాగా పనిచేసినా గంట పైనే.

2001 ఫిబ్రవరిలో ఆపిల్ ఇంజనీరింగ్ పెద్ద జాన్ రూబిన్‌స్టైన్ జపాన్‌లో తోషిబా వాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. వాళ్ళు 1.8 అంగుళాల హార్డ్ డిస్కు ఒకటి తయారుచేసి, దీన్ని ఎక్కడ వాడాలో మాకే తెలియడం లేదన్నారట. ఈయనకి తెలుసు! ఆ ఏడాది అక్టోబరు 23న 5 జీబీ ఐపాడ్ వచ్చింది, 399 డాలర్లకి. నోమాడ్ బరువులో సగం కూడా లేదు. తీగ ఫైర్‌వైర్, సెకనుకి 400 మెగాబిట్లు. తర్వాత ఒక అంగుళం డిస్కు వచ్చింది, 2004 జనవరిలో ఐపాడ్ మినీ వచ్చింది. ఫ్లాష్ మెమరీ చవకయింది, 2005లో షఫుల్ వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరు 7న స్టీవ్ జాబ్స్ జీన్స్ ప్యాంటుకి ఉండే ఆ బుల్లి వాచీ జేబులోంచి ఐపాడ్ నానో తీశాడు. బాగా అమ్ముడుపోతున్న మినీని అదే రోజు ఆపేశారు. ఆ నవంబరులో ఫ్లాష్ మెమరీ కోసం శామ్‌సంగ్, తోషిబా, హైనిక్స్, ఇంటెల్, మైక్రాన్ కంపెనీలకి ఆపిల్ ముందస్తుగా కట్టిన సొమ్ము 125 కోట్ల డాలర్లు. విడిభాగాల ధరలు చదివేవాడికి పుకార్లతో పనిలేదు.

మరి ఇదంతా చదవగలిగినవాళ్ళు సింగపూరులో లేరా అంటే, ఇక్కడే ఎక్కువ ఉన్నారు. సీగేట్ 1982లోనే ఇక్కడ హార్డ్ డిస్కుల ఫ్యాక్టరీ పెట్టింది. మనం థంబ్ డ్రైవ్ అని పిలిచే వస్తువుకి ఆ పేరు పెట్టింది ఈ ఊరి ట్రెక్ 2000 కంపెనీయే, 2000లో. ఇక క్రియేటివ్ సంగతి చెప్పాలా? ఇంట్లో పాత కంప్యూటర్ మీద ఆటలాడిన నా వయసువాళ్ళకి, నాకన్నా పెద్దవాళ్ళకి, సౌండ్ బ్లాస్టర్ గుర్తుండే ఉంటుంది. పోర్ట్ 220, ఐఆర్‌క్యూ 5, డీఎంఏ 1. ఈ మూడూ అమ్మవారి అష్టోత్తరంలా నోటికి వచ్చేవి.

ఆ కంపెనీ పెట్టిన సిమ్ వాంగ్ హూ కథ కూడా కాస్త చెప్పుకోవాలి. ఆయన 1955లో పుట్టాడు. ఇక్కడి ఙీ ఆన్ టెక్నికల్ కాలేజీలో చదివాడు, పెద్ద యూనివర్సిటీ డిగ్రీ ఏమీ లేదు. హార్మోనికా వాయించేవాడు. 1981లో చైనాటౌన్‌లో పెర్ల్స్ సెంటర్ అనే భవనంలో ఓ చిన్న కంప్యూటర్ రిపేరు కొట్టు పెట్టాడు. ఆయన మొదటి కల పాటలపెట్టె కాదు. తన భాషలో, చైనీసులో పనిచేసే, మాట్లాడే కంప్యూటర్. 1980లలో క్యూబిక్ పేరుతో అలాంటివి తయారుచేశాడు కూడా. అవి పెద్దగా అమ్ముడుపోలేదు. అప్పుడు కంప్యూటర్ని వదిలేసి, అందులోంచి ధ్వనిని మాత్రం విడదీసి, 1989లో సౌండ్ బ్లాస్టర్‌గా అమెరికా పట్టుకెళ్ళాడు. లోకం కొనేసింది. 1992లో క్రియేటివ్ నాస్‌డాక్‌లో చేరింది, సింగపూరు నుంచి అలా చేరిన మొదటి కంపెనీ అదే.

1999లో ఆయన ఒక పుస్తకం రాశాడు. అందులోని ఒక మాట ఇప్పటికీ ఇక్కడ ఆఫీసుల్లో వినిపిస్తూ ఉంటుంది. నో యూటర్న్ సిండ్రోమ్. చాలా దేశాల్లో యూటర్న్ వద్దని బోర్డు ఉంటే తప్ప బండి తిప్పుకోవచ్చు. సింగపూరులో తిప్పుకోవచ్చని బోర్డు ఉంటేనే తిప్పుకోవాలి. రూలు లేనిచోట మనవాళ్ళు కదలరు, పైవాళ్ళ అనుమతి కోసం చూస్తారు, ఇలా అయితే కొత్తది ఎలా కనిపెడతాం అని ఆయన బాధ. ఇక్కడ కొన్నాళ్ళు పనిచేసినవాళ్ళెవరూ ఈ మాట కాదనరనుకుంటాను.

ఇక యుద్ధం. 2004 నవంబరులో సిమ్ ఐపాడ్ మీద బహిరంగంగానే యుద్ధం ప్రకటించాడు. ప్రచారానికి 10 కోట్ల అమెరికా డాలర్లు పెడతానన్నాడు. ఆ నెలలోనే జెన్ మైక్రో వచ్చింది. 5 జీబీ, ఐపాడ్ మినీ కన్నా ఒకటి ఎక్కువ. మినీ అయిదు రంగుల్లో వస్తే ఇది పది రంగుల్లో. ఎఫ్ఎం రేడియో ఉంది, మాటలు రికార్డు చేసుకునే సదుపాయం ఉంది, బ్యాటరీ మనమే తీసి మార్చుకోవచ్చు. కాగితం మీద లెక్కేస్తే ఏ వరస చూసినా ఇదే గెలవాలి. మా హాస్టల్ వాదనల్లో కూడా ఈ పక్షం వాళ్ళు ఇలాగే వరసలు చదివి గెలిచేవాళ్ళు. కానీ ఆ అక్టోబరు, నవంబరు, డిసెంబరు, మూడు నెలల్లో ఆపిల్ అమ్మిన ఐపాడ్లు 45 లక్షల పైన.

అలాంటి వేడిలో షఫుల్ వచ్చింది. దాన్ని చూసి సిమ్ ఇక్కడి టీవీవాళ్ళతో అన్నమాటల సారాంశం ఇది. గట్టి పోటీ వస్తుందనుకుంటే ఇదా? అయిదు తరాల కిందటి సరుకు, మా మొదటి మూవో లాంటిది. చవకరకం చైనా ప్లేయర్లకి కూడా తెర, రేడియో ఉంటాయి, దీన్ని చూసి పరిశ్రమంతా నవ్వుతుంది.

ఆయన చెప్పిన పోలిక నిజమే సుమా. 2002లో క్రియేటివ్ తెచ్చిన మొదటి మూవోకి తెర లేదు. అదొక థంబ్ డ్రైవ్, దానికో ట్రిపుల్ ఏ బ్యాటరీ తొడుగు, ఇయర్‌ఫోన్ పెట్టుకునే కన్నం, అంతే. కంప్యూటర్‌కి గుచ్చి పాటలు లాగి పడేసుకోవడమే. అంటే తెర లేని బుల్లి ప్లేయర్ సింగపూరులో రెండేళ్ళకి పైగా ముందే పుట్టింది. పేరు కూడా ఇక్కడే ముందు పుట్టింది. క్రియేటివ్ జెన్ నానో 2005లో ఐపాడ్ నానో కన్నా కొన్ని నెలలు ముందే వచ్చింది. తేడా ఏమిటంటే, క్రియేటివ్‌కి తెర లేకపోవడం ఒక లోటు, వచ్చే మోడల్లో పూడ్చుకోవలసిన లోటు. ఆపిల్‌కి అది నిర్ణయం. బోర్డు లేనిచోట బండి తిప్పమని పుస్తకం రాసినాయనే, ఎదుటివాడు అలా తిప్పేసరికి నవ్వాడు. నాకు ఈ ఘట్టం చదివినప్పుడల్లా ఆయన మీద కోపం రాదు, జాలీ రాదు. ఇంజనీరు అన్నవాడు ఎవడైనా అక్కడ నవ్వేవాడే అనిపిస్తుంది. ఉన్నదాన్ని తీసేయడం మనకి ఎవరూ నేర్పలేదు.

ఇంతకీ హైదరాబాదు సంగతి. ఐపాడ్ అంటే జాబ్స్, జోనీ ఐవ్, టోనీ ఫాడెల్ అని అందరూ చెబుతారు. ఫాడెల్ 2001 మొదట్లో ఆపిల్‌కి వచ్చింది కన్సల్టెంటుగానే, అందుకని మా కులంవాడని నాకు కాస్త అభిమానం. అయితే అంత తక్కువ కాలంలో ప్లేయర్ కావాలంటే అన్నీ మొదట్నుంచి తయారుచేసే వ్యవధి లేదు. అప్పటికి కాలిఫోర్నియాలో పోర్టల్ ప్లేయర్ అనే చిన్న కంపెనీ ఉంది, 1999లో పెట్టింది. ఎంపీ3 ప్లేయర్లకి కావలసిన చిప్పు, దాని మీద నడిచే సాఫ్ట్‌వేర్ కలిపి అమ్మడం వాళ్ళ వ్యాపారం. ఆసియా కంపెనీలు చాలా వాళ్ళ దగ్గరికి వచ్చేవి. ఆపిల్ రాగానే మిగతావాళ్ళని పక్కనబెట్టి ఎనిమిది నెలలపాటు ఇదొక్కటే చేశారు. అమెరికాలో 200 మంది, ఇండియాలో 80 మంది ఇంజనీర్లు అని అప్పటి ఆ కంపెనీ మేనేజరు ఒకాయన 2004లో పత్రికకి చెప్పాడు. ఆ కంపెనీ ఇండియా ఆఫీసు ఉన్నది హైదరాబాదులో.

ఆ చిప్పు చేసే పని సాఫ్ట్‌వేర్ వాళ్ళకి చెబితే ముచ్చటేస్తుంది. హార్డ్ డిస్కు ఎప్పుడూ తిరుగుతూ ఉంటే బ్యాటరీ తాగేస్తుంది. కాబట్టి రాబోయే కొన్ని పాటల్ని ఒక్కసారే 32 ఎంబీ మెమరీలోకి లాగేసి, డిస్కుని పడుకోబెట్టి, మెమరీలోంచి వాయించాలి. అయిపోవచ్చే ముందు డిస్కుని మళ్ళీ లేపాలి, వినేవాడికి తెలియకుండా. నడుస్తూ ఉంటే కుదుపులకి పాట తెగకపోవడానికీ కారణం ఇదే. చివర్లో ఒక ఉపద్రవం కూడా వచ్చిందట. స్విచ్ ఆపేసినా మూడు గంటల్లో బ్యాటరీ అయిపోయేదట! ఫ్యాక్టరీలో ఏర్పాట్లన్నీ అయిపోయాక బయటపడిన తప్పు అది. దాన్ని సరిచేయడానికి వారాలు పట్టింది. కావలసిన పాట మూడు నొక్కుళ్ళలో రాకపోతే జాబ్స్ మండిపడేవాడని కూడా అదే కథనంలో ఉంది.

ఆ కథనంలో నన్ను పట్టుకున్న వివరం వేరే. తయారవుతున్న నమూనాలని షూ డబ్బాలంత గట్టి ప్లాస్టిక్ పెట్టెల్లో పెట్టి సీలు చేసేవారట. మీటల్ని, తెరని ఆ పెట్టె మీద ఎక్కడపడితే అక్కడ అమర్చేవారట. లోపలున్నది ఎంత చిన్నదో, అసలు రూపం ఏమిటో పనిచేసేవాళ్ళకే తెలియకూడదని. చూడండి, బయట లోకమంతా ఆ వస్తువు ఎలా ఉంటుందోనని ఊహిస్తోంది. లోపల దాన్ని తయారుచేసేవాళ్ళు కూడా ఊహిస్తూనే ఉన్నారు! పన్నెండు గంటలు దాని ప్రాణం చేతిలో పట్టుకుని కూర్చున్నవాడికి దాని ముఖం తెలియదు.

కన్సల్టెంటుగా బతికేవాళ్ళకి ఇది చాలా తెలిసిన అనుభవం. మనకి ఒక మాడ్యూల్ ఇస్తారు, స్పెసిఫికేషన్ ఇస్తారు, ఎవరికీ చెప్పనని సంతకం పెట్టించుకుంటారు. అది ఏ దేశంలో, ఎవరి చేతిలో, ఏ రూపంలో తేలుతుందో పేపర్లో చూసి తెలుసుకుంటాం. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఏం పని చేస్తున్నావురా అని నాన్న అడిగితే కంప్యూటర్ పనే నాన్నా అని ఊరుకుంటాం. తర్వాతి ఐపాడ్ల వెనక కాలిఫోర్నియాలో రూపకల్పన, చైనాలో కూర్పు అని చెక్కి ఉండేది. మూడో ఊరికి అక్కడ చోటు లేదు.

ఆ పనికి భద్రత కూడా అంతంతే. షఫుల్‌లో వాడిన చిప్పు పోర్టల్ ప్లేయర్‌ది కాదు, టెక్సస్‌లోని సిగ్మాటెల్ అనే కంపెనీది. 2006 ఏప్రిల్లో రాబోయే ఫ్లాష్ ఐపాడ్లకి తమ కొత్త చిప్పుని ఆపిల్ ఎంచుకోలేదని పోర్టల్ ప్లేయర్ ప్రకటించింది, షేరు కుప్పకూలింది. అదే ఏడాది నవంబరులో ఎన్విడియా దాన్ని 35.7 కోట్ల డాలర్లకి కొంటున్నట్టు ప్రకటించి, 2007 జనవరిలో కలిపేసుకుంది. బయట రూపం నిర్ణయించేవాడు ఒక్క అడుగు పక్కకి వేస్తే లోపలి ప్రాణం పోసేవాడి బతుకు ఇలా ఉంటుంది.

ఇక మన పాటల దగ్గరికి వద్దాం. ఈ ప్లేయర్లన్నిట్లోనూ మెనూ ఒకే పద్ధతిలో ఉండేది. ముందు గాయకుడు, తర్వాత ఆల్బమ్, తర్వాత పాట. ఈ పద్ధతికి పేటెంటు ఉంది, అది సింగపూరుదే! 2001 జనవరి 5న, అంటే ఐపాడ్ రావడానికి తొమ్మిది నెలల ముందు, క్రియేటివ్ దరఖాస్తు పెట్టింది. 2005 ఆగస్టు 9న చేతికి వచ్చింది. 2006 మేలో ఆపిల్ మీద దావా వేశారు, ఆపిల్ వాడు ఎదురు దావా వేశాడు. ఆగస్టు 23న రాజీ కుదిరింది. ఆ పేటెంటు వాడుకున్నందుకు ఆపిల్ ఇచ్చినది 10 కోట్ల డాలర్లు. యుద్ధం ప్రకటించిన రోజు ప్రచారానికి సిమ్ ఎంత పెడతానన్నాడో సరిగ్గా అంతే. డబ్బు వచ్చింది, బజారు రాలేదు. ఆ రాజీ తర్వాత క్రియేటివ్ ఐపాడ్‌కి స్పీకర్లూ ఇయర్‌ఫోన్లూ తయారుచేసే జాబితాలో చేరింది.

పేటెంటు కోసం రెండు కంపెనీలు కొట్టుకున్నాయి గానీ, ఆ మెనూ మన పాటలకి ఎంత అమరిందో ఆలోచించండి. మనం పాటని సినిమా పేరుతో వెతుకుతాం. శంకరాభరణం పాటలు పెట్టవోయ్ అంటాం. గాయకుడి వరసలో పెడితే ఆ సినిమా ముక్కలు ముక్కలయిపోతుంది. బాలు ఒక్కడే పాడినవి ఒకచోట, బాలు జానకి పాడినవి ఇంకోచోట, వాణీ జయరాం పాడినవి మరోచోట. పైగా మనకి దొరికే ఎంపీ3ల్లో ఒకడు ఎస్పీబీ అని రాస్తాడు, ఒకడు బాలు అంటాడు, ఒకడు పూర్తి పేరు రాస్తాడు. ప్లేయర్ దృష్టిలో ముగ్గురూ వేర్వేరు మనుషులు.

ఎంపీ3 ఫైలు చివర ఉండే పాతకాలం ట్యాగు మొత్తం 128 బైట్లు. అందులో గాయకుడి పేరుకి 30. ఇంగ్లీషు అక్షరాల్లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, పి. సుశీల అని రాస్తే 34 అవుతాయి. సుశీల గారు సగంలో తెగిపోయేవారు! తెలుగులో రాద్దామా అంటే, యూనికోడ్‌లో యూటీఎఫ్ 8 పద్ధతిలో మన ఒక్కో గుర్తుకి మూడేసి బైట్లు. పది గుర్తులతో ఏం రాస్తాం? నా చేతికొచ్చిన ప్లేయర్లలో తెలుగుని చూపించినది ఒక్కటీ లేదు, వరసగా డబ్బాలు డబ్బాలు కనిపించేవి. పాట రాసిన వేటూరి, సిరివెన్నెల అయితే ఏ మెనూలోనూ లేరు. కొత్త ట్యాగుల్లో గీతరచయితకి చోటు ఉంది, మెనూలోనే లేదు.

అందుకే నాకో చిత్రమైన ఆలోచన వస్తుంది. తెర లేని షఫుల్ ముందు అన్ని భాషలూ సమానమే. తెర తీసేసినందుకు అమెరికా వాళ్ళు గోల పెట్టారు గానీ, ఆ తెర మనకి ఎప్పుడు కనిపించింది గనక? 2009లో షఫుల్‌ మీదున్న మీటలు కూడా తీసేసి, పాట పేరు గొంతుతో చెప్పే సదుపాయం పెట్టారు. పద్నాలుగు భాషల్లో చెబుతుంది. మన దేశపు భాష అందులో ఒక్కటీ లేదు.

మొదటి మూవో మాత్రం మనవాళ్ళకి బాగా అమరింది, ఎవరూ అలా అనుకుని చేయకపోయినా. అందులో ట్యాగుల గొడవ లేదు. సినిమాకో ఫోల్డర్ చేసి పాటలు పడేసుకుంటే చాలు. మా బాబాయి ఒకసారి సింగపూరు వచ్చి తిరిగి వస్తూ సిమ్ లిమ్ స్క్వేర్‌లో బేరమాడి మూవో ఒకటి పట్టుకొచ్చాడు. తర్వాతి రకం, తెర, రేడియో, రికార్డింగు అన్నీ ఉన్నది. సిమ్ గర్వంగా లెక్కపెట్టే ఆ వరసలన్నీ దాంట్లో ఉన్నాయి. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు అందులో మా అమ్మమ్మ చేత లాలిపాటలు, మంగళహారతులు పాడించాం. ఆవిడ ముందు సిగ్గుపడి, తర్వాత ఆపమన్నా ఆపలేదు. అమ్మమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆ గొంతు ఇవాళ మా ఇంట్లో ఉందంటే ఆ రికార్డింగు మీట వల్లే. షఫుల్‌లో ఆ మీట లేదు. వ్యాపారంలో జాబ్స్ లెక్క నెగ్గింది, ఒప్పుకుంటాను. మా ఇంటి లెక్కలో మాత్రం సిమ్ నెగ్గాడు.

కాబట్టి ఉన్నవన్నీ పీకేస్తే మంచి డిజైన్ అవుతుందని నేను అనడం లేదు. తీసేసే ప్రతి మీటా ఎవరికో ఒకరికి అవసరమే. ఎవరి అవసరం పోయినా ఫరవాలేదని నిర్ణయించేవాడే ఆ వస్తువుకి రూపమిస్తాడు. 2001లోనూ 2005లోనూ ఆ నిర్ణయం సింగపూరులో జరగలేదు, హైదరాబాదులో జరగలేదు. డిస్కులు, థంబ్ డ్రైవులు, మెనూ పేటెంటు, చిప్పు మీది సాఫ్ట్‌వేర్, ఇవన్నీ ఈ రెండు ఊళ్ళలో ఉన్నాయి. ఏది ఉంచాలి, ఏది తియ్యాలి అన్న మాట ఒక్కటే ఇక్కడ లేదు. వచ్చేది ఎలా ఉంటుందని హాస్టల్లో మేం తెల్లవార్లూ కొట్టుకున్నాం గానీ, మన పాటకి తగ్గ పెట్టె ఎలా ఉండాలి అని ఒక్క రాత్రి కూడా అనుకున్నట్టు గుర్తులేదు. చైనీసు మాట్లాడే కంప్యూటర్ కావాలని మొదలుపెట్టిన సిమ్ ఈ విషయంలో మనకన్నా నయం.

ఇప్పుడు ఆ యుద్ధం చరిత్రే. క్రియేటివ్ 2007లో నాస్‌డాక్ నుంచి తనంతట తనే తప్పుకుంది. షఫుల్, నానో 2017 జూలైలో ఆగిపోయాయి. 2022 మేలో ఆఖరి ఐపాడ్ కూడా ఆగింది. 2023 జనవరి 4న సిమ్ వాంగ్ హూ 67 ఏళ్ళ వయసులో పోయారు. ఆ వారం ఇక్కడ నా పక్క సీటు చైనీసు సహోద్యోగి, యాభై దాటినాయన, తన మొదటి సౌండ్ బ్లాస్టర్ కార్డు గురించి లంచ్ అంతా చెబుతూనే ఉన్నాడు. ఆయన గురించి ఇక్కడివాళ్ళు చాలా రాశారు, ఇంకా రాస్తారు.

హైదరాబాదులో ఆ ఎనిమిది నెలలు పనిచేసిన ఎనభై మంది గురించి తెలుగులో ఎవరైనా రాశారేమోనని వెతికాను. నా కంటికి ఒక్క పేజీ కూడా దొరకలేదు. వాళ్ళు ఇప్పుడు యాభైలకి దగ్గర పడుతూ ఉంటారు. అమెరికాలో ఉన్నారో, గచ్చిబౌలిలో ఉన్నారో, రిటైర్ అయి ఊళ్ళో మామిడితోట వేసుకున్నారో. అయ్యా, అమ్మా, ఆ వస్తువే లేదిప్పుడు. పెట్టె మూతపడి కూడా ఏళ్ళయింది. మీలో ఎవరైనా ఇది చదువుతుంటే, చెప్పడానికి అభ్యంతరం లేనంత వరకూ చెప్పండి. రాత్రి ఎన్నింటికి ఇంటికెళ్ళేవారు, పరీక్షించడానికి ఆ డబ్బాలో ఏ పాట వేసేవారు, అందులో తెలుగు పాట ఒక్కటైనా ఉందా?